భత్యం ఇస్తే బస్తర్ బడికి ఉపాధ్యాయులు వస్తారా?

జగదల్‌పూర్: మారుమూల గ్రామంలోని బడికి ఉపాధ్యాయుడు వెళ్లకపోతే, ఆ గ్రామంలోని పిల్లలే ఉపాధ్యాయుడు ఉన్న చోటికి వెళ్లవలసి వస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతం రెండు దశాబ్దాలకు పైగా చవిచూస్తున్న అనుభవం ఇదే. ఉపాధ్యాయునికి ఇవ్వవలసిన కొండ ప్రాంత భత్యం ఎంత, క్వార్టరు ఎక్కడ, ఎన్నేళ్ల తర్వాత తిరిగి మైదాన ప్రాంతానికి బదిలీ అనే ప్రశ్నలు ప్రభుత్వ ఫైళ్లలో కదులుతూ ఉండగానే, ఆరేడేళ్ల ఆదివాసీ పిల్లలు ఇల్లు విడిచి వసతి పాఠశాలలకు తరలిపోయారు. స్థానచలనానికి ప్రోత్సాహకం అన్న మాటను ఈ కోణంలో నుంచి చూసినప్పుడే దాని అసలు ఖరీదు బోధపడుతుంది.

బస్తర్ డివిజన్ కేంద్రమైన జగదల్‌పూర్ తెలుగువారికి కొత్త పేరు కాదు. ఓరుగల్లు 1323లో పతనమైన తర్వాత కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడైన అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం స్థాపించాడన్నది ఇక్కడి రాజవంశ సంప్రదాయం. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చే కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం ఈ పట్టణం మీదుగానే సాగుతుంది. సుక్మా, కోంటా మీదుగా భద్రాచలం వైపు ఒక రహదారి, బీజాపూర్, భోపాలపట్నం మీదుగా నిజామాబాద్ వైపు మరొక రహదారి ఇక్కడి నుంచే వెడతాయి. రాష్ట్ర రాజధాని రాయపూర్ ఎంత దూరమో విశాఖపట్నం కూడా ఇంచుమించు అంతే దూరం.

ఒకప్పటి బస్తర్ జిల్లా 39 వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన వైశాల్యంతో కేరళ రాష్ట్రం కంటే పెద్దదిగా ఉండేది. 1998లో మూడు జిల్లాలుగా, 2007, 2012 సంవత్సరాల్లో మరిన్ని జిల్లాలుగా విడిపోయి ఇప్పుడు ఏడు జిల్లాల డివిజన్ అయింది. 2011 జనాభా లెక్కల ప్రకారం రాష్ట్రంలో అక్షరాస్యత 70 శాతం కాగా, బీజాపూర్‌లో అది 41 శాతం లోపే ఉంది. అప్పటి దంతేవాడ జిల్లాలో 42 శాతం. ఈ అంతరానికి ఉన్న అనేక కారణాల్లో ఉపాధ్యాయుల లేమి ఒకటి. ఆ లేమిని తీర్చేందుకు ప్రభుత్వాలు మూడు దారులు తొక్కాయి. మొదటిది, బయటివారిని పంపడం. రెండవది, తక్కువ జీతానికి స్థానికులను పెట్టుకోవడం. మూడవది, పిల్లలనే తరలించడం.

శిక్షగా మారిన బదిలీ

అవిభక్త మధ్యప్రదేశ్ కాలంలో ప్రభుత్వోద్యోగుల వాడుకలో బస్తర్ బదిలీ అంటే శిక్ష అనే అర్థం స్థిరపడింది. భోపాల్‌కు వందల కిలోమీటర్ల దూరం, వానకాలంలో తెగిపోయే దారులు, మలేరియా, తెలియని భాష ఇందుకు కారణాలు. పలుకుబడి గలవారు ఉత్తర్వును రద్దు చేయించుకునేవారు. పలుకుబడి లేనివారు వచ్చి చేరి, ఆ రోజు నుంచే తిరిగి వెళ్లే ప్రయత్నంలో ఉండేవారు. ఒక ప్రాంతానికి పంపడమే దండన అయినప్పుడు, అక్కడ ఇచ్చే భత్యం ప్రోత్సాహకం కాబోదు. దాన్ని నష్టపరిహారంగానే ఉద్యోగి లెక్కిస్తాడు.

జీతాల నిర్మాణం కూడా ఇందుకు తోడ్పడింది. ఇంటి అద్దె భత్యం అనేది ఊరి స్థాయిని బట్టి ఉంటుంది. మహానగరంలో ఎక్కువ, పట్టణంలో కొంత తక్కువ, పల్లెలో అన్నిటికంటే తక్కువ. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 2024 జనవరి నుంచి ఇది మూల వేతనంలో 30, 20, 10 శాతంగా ఉంది. రాష్ట్రాల్లో రేట్లు వేరైనా సూత్రం ఒకటే. నగరంలో అద్దెలు ఎక్కువ కాబట్టి ఈ పద్ధతి సహేతుకమే అనిపించవచ్చు. అయితే అడవిలోని గ్రామంలో అద్దెకు ఇల్లే దొరకదు. దొరకని ఇంటికి అద్దె తక్కువని లెక్కగట్టడంతో, కష్టమైన చోట పని చేసే ఉపాధ్యాయుని జీతం సులువైన చోట పని చేసే సహోద్యోగి జీతం కంటే తగ్గుతుంది. ప్రత్యేక భత్యం ఏదైనా ఇస్తే అది ముందుగా ఈ లోటును పూడ్చవలసి ఉంటుంది.

కేంద్రం ఇచ్చే ప్రత్యేక భత్యం పరిమాణం కూడా పరిశీలించదగినది. ఏడవ వేతన సంఘం సిఫార్సుల దరిమిలా 2017 జులై 1 నుంచి గిరిజన ప్రాంత భత్యం వంటి పాత భత్యాలను కలిపి కఠిన ప్రాంత భత్యంగా మార్చారు. గిరిజన ప్రాంతాలను అందులో మూడవ తరగతిలో చేర్చారు. ఎనిమిదవ లెవెల్, అంతకు దిగువ ఉద్యోగులకు అప్పట్లో నిర్ణయించిన మొత్తం నెలకు 1,000 రూపాయలు. కేంద్రీయ విద్యాలయ ప్రాథమికోపాధ్యాయుని ప్రారంభ మూల వేతనం 35,400 రూపాయలు. అంటే భత్యం మూల వేతనంలో మూడు శాతం కూడా లేదు. కరవు భత్యం పెరిగే కొద్దీ ఈ మొత్తాన్ని సవరించే ఏర్పాటు ఉన్నా నిష్పత్తిలో పెద్ద మార్పు రాదు.

నెలకు 500 రూపాయల గురూజీ

బయటివారు రానప్పుడు స్థానికులనే పెట్టుకోవాలన్న ఆలోచన 1990 దశకంలో బలపడింది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం క్రమబద్ధ ఉపాధ్యాయ నియామకాలను పక్కనపెట్టి పంచాయతీల ద్వారా శిక్షాకర్మిలను నియమించసాగింది. దిగ్విజయ్ సింగ్ ముఖ్యమంత్రిగా ఉండగా 1997 జనవరి 1న విద్యా హామీ పథకం ప్రారంభమైంది. కిలోమీటరు దూరంలో బడి లేని ఊళ్లో 40 మంది పిల్లలు, గిరిజన ప్రాంతమైతే 25 మంది పిల్లలు ఉండి గ్రామస్థులు కోరితే 90 రోజుల్లో బడి ఇస్తామని ప్రభుత్వం హామీ ఇచ్చింది. ఊరివారు ఎంపిక చేసిన గురూజీకి మొదట్లో ఇచ్చిన గౌరవ వేతనం నెలకు 500 రూపాయలు.

ఈ పథకం వేలాది ఆవాసాలకు మొదటిసారిగా బడిని తీసుకువెళ్లింది. అందులో సందేహం లేదు. గురూజీ ఆ ఊరివాడే కాబట్టి బదిలీ బెడద లేదు, క్వార్టరు అవసరం లేదు, పిల్లల భాష తెలుసు. కానీ అదే పని చేసే క్రమబద్ధ ఉపాధ్యాయుని జీతంలో అతనికి చిన్న భాగమే ముట్టింది. కష్టమైన చోట పని చేసేవారికి ఎక్కువ జీతం ఇవ్వాలన్న ప్రోత్సాహక సూత్రం ఇక్కడ పూర్తిగా తలక్రిందులైంది. ఛత్తీస్‌గఢ్ 2000 నవంబరు 1న ఏర్పడిన తర్వాత కూడా శిక్షాకర్మిల వ్యవస్థ కొనసాగింది. సమాన జీతం కోసం వారు ఏళ్ల తరబడి సమ్మెలు సాగించారు. 2018 జులై నుంచి ఎనిమిదేళ్ల సర్వీసు పూర్తయినవారిని, 2020 నవంబరు నుంచి రెండేళ్లు పూర్తయినవారిని పాఠశాల విద్యాశాఖలో విలీనం చేశాకే ఆ ఆందోళన సద్దుమణిగింది.

స్వల్ప జీతపు ఉపాధ్యాయులు పని ఎగ్గొడతారన్న వాదన మాత్రం నిలవలేదు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు అవిభక్త ఆంధ్రప్రదేశ్‌లోని గ్రామీణ పాఠశాలల్లో జరిపిన అధ్యయనంలో, క్రమబద్ధ ఉపాధ్యాయుల జీతంలో ఐదో వంతు మాత్రమే పొందే కాంట్రాక్టు ఉపాధ్యాయులు తక్కువగా గైర్హాజరైనట్లు తేలింది. క్రమబద్ధ ఉపాధ్యాయుల్లో గైర్హాజరు 27 శాతం కాగా, కాంట్రాక్టు వారిలో అది 18 శాతం. సొంత ఊళ్లో, లేదా పక్క ఊళ్లో ఉండటం ఎంత బలమైన ప్రోత్సాహకమో ఈ అంకెలు సూచిస్తున్నాయి. అయితే దీన్ని ఆధారం చేసుకుని జీతం తగ్గించడమే మేలనడం న్యాయం కాదు. సమాన పనికి ఐదో వంతు జీతంతో ఒక తరాన్ని నెట్టుకురావచ్చునేమో గాని వృత్తిని నిలబెట్టలేం.

కదిలింది పిల్లలే

2005లో సల్వాజుడుం మొదలైన తర్వాత దక్షిణ బస్తర్‌లో పరిస్థితి మరింత విషమించింది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. వేలాది కుటుంబాలు సరిహద్దు దాటి ఖమ్మం తదితర జిల్లాల అడవులకు చేరాయి. బడి భవనాల్లో భద్రతా దళాలు బస చేయడం, ఆ భవనాలను మావోయిస్టులు పేల్చివేయడం పరిపాటిగా మారింది. దళాలు పాఠశాలలను ఖాళీ చేయాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో ఆదేశించవలసి వచ్చింది. అదే ఏడాది జులై 5న నందినీ సుందర్ కేసులో, మావోయిస్టు వ్యతిరేక పోరులో ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది.

మూతపడిన బడులకు ప్రత్యామ్నాయంగా ప్రభుత్వం రోడ్డు పక్క ఊళ్లలో వెదురుతో కట్టిన వసతి పాఠశాలలను తెరిచింది. పోర్టా కేబిన్లుగా పేరుపడిన వీటిలో వందలాది పిల్లలు ఒకేచోట ఉండి చదువుకున్నారు. కాల్పుల మధ్య చదువు పూర్తిగా ఆగిపోకుండా చూసిన ఘనత వాటికి దక్కుతుంది. కానీ పిల్లవాడు చిన్న వయసులోనే తల్లిదండ్రులకు, భాషకు, పొలం పనులకు దూరమయ్యాడు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ప్రాథమిక పాఠశాల నివాసానికి కిలోమీటరు దూరంలో ఉండాలన్నది దాని నిబంధనల సారాంశం. బస్తర్ లోపలి ప్రాంతాల్లో ఆ దూరం ఒక్కోచోట పదుల కిలోమీటర్లయింది.

పదిహేనేళ్లుగా మూతపడి ఉన్న పాఠశాలల్లో 260 తిరిగి తెరుచుకున్నట్లు రాష్ట్ర ప్రభుత్వం 2022లో ప్రకటించింది. వీటిలో బీజాపూర్ జిల్లాలోనివి 158, సుక్మాలోనివి 97, నారాయణపూర్‌లోనివి 4, దంతేవాడలోనిది ఒకటి. వీటిలో చాలా చోట్ల పాఠం చెప్పే బాధ్యత శిక్షాదూత్‌లు అనే స్థానిక యువకులపై పడింది. వారు గౌరవ వేతనం మీద పని చేసేవారే గాని క్రమబద్ధ ఉపాధ్యాయులు కారు. 2025లో బీజాపూర్, సుక్మా జిల్లాల్లో ఇలాంటి శిక్షాదూత్‌లు కొందరు పోలీసు ఇన్‌ఫార్మర్లన్న నెపంతో మావోయిస్టుల చేతిలో హతులయ్యారు. అత్యంత ప్రమాదకరమైన చోట అత్యల్ప వేతనం పొందేవారే నిలబడి ఉన్నారన్నది ఇక్కడ గమనార్హం.

12,489 కొలువులు, ఒక తీర్పు

బయటివారినైనా, స్థానికులనైనా పూర్తి జీతంపై నియమించే పెద్ద ప్రయత్నం 2023లో జరిగింది. బస్తర్, సర్గుజా డివిజన్ల కోసం 12,489 పోస్టులకు రాష్ట్ర ప్రభుత్వం ప్రకటన ఇచ్చింది. వీటిలో 6,285 సహాయ ఉపాధ్యాయ పోస్టులు, 5,772 ఉపాధ్యాయ పోస్టులు, 432 లెక్చరర్ పోస్టులు. ఎంపికైనవారు అడవి గ్రామాలకు వెళ్లి చేరారు. అయితే ఈ కొత్తవారికి అందింది ప్రోత్సాహకం కాదు. 2020లో రాష్ట్రం తెచ్చిన నిబంధన ప్రకారం కొత్త ఉద్యోగికి మూడేళ్ల ప్రొబేషన్‌లో మొదటి ఏడాది వేతనంలో 70 శాతం, రెండవ ఏడాది 80 శాతం, మూడవ ఏడాది 90 శాతం మాత్రమే స్టైపెండుగా నిర్ణయించారు. రాయపూర్‌లో చేరిన గుమాస్తాకూ, మారుమూల గూడెంలో చేరిన ఉపాధ్యాయునికీ కోత ఒక్కటే.

ఇంతలో మరో పిడుగు పడింది. ప్రాథమిక తరగతులు బోధించేందుకు బీఎడ్ అర్హత చాలదని, ప్రాథమిక విద్యలో డిప్లొమా ఉండాలని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న ఒక కేసులో స్పష్టం చేసింది. దాన్ని అనుసరించి బీఎడ్ అర్హతతో చేరిన సహాయ ఉపాధ్యాయుల నియామకాలు చెల్లవని ఛత్తీస్‌గఢ్ హైకోర్టు 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. ఫలితంగా 2,800 మందికి పైగా ఉపాధ్యాయులు ఉద్యోగం కోల్పోయారు. ఆదివాసీ యువత కూడా వారిలో గణనీయంగా ఉన్నారు. నెలల తరబడి రాయపూర్‌లో ఆందోళన సాగిన తర్వాత 2025 ఏప్రిల్ 30న రాష్ట్ర మంత్రివర్గం 2,621 మందిని ప్రయోగశాల సహాయ ఉపాధ్యాయులుగా సర్దుబాటు చేయాలని నిర్ణయించింది.

తీర్పులోని న్యాయసూత్రాన్ని ఎవరూ కాదనలేరు. చిన్నపిల్లలకు చదువు చెప్పడం వేరే నైపుణ్యం. కానీ బస్తర్ లోపలి గ్రామాల అనుభవంలో మిగిలినది మాత్రం మరొకటి. వచ్చిన పంతులు కొద్ది కాలానికే వెళ్లిపోయాడు. ఏ ప్రోత్సాహకమైనా పని చేయాలంటే ముందుగా ఉద్యోగానికి నిలకడ ఉండాలన్న పాఠం ఇందులో ఉంది.

2025లోనే పాఠశాలల హేతుబద్ధీకరణ కూడా జరిగింది. 10,463 పాఠశాలలను సర్దుబాటు చేయగా, వాటిలో 10,297 ఒకే ఆవరణలో ఉన్నవేనని, 166 మాత్రమే వేరే చోటికి కలిశాయని ప్రభుత్వం వివరించింది. అంతకుముందు రాష్ట్రంలో 453 పాఠశాలల్లో ఉపాధ్యాయులే లేరని, 5,936 పాఠశాలలు ఏకోపాధ్యాయ పాఠశాలలని అధికారిక లెక్క. ఉపాధ్యాయుల మొత్తం సంఖ్య పిల్లల సంఖ్యతో పోలిస్తే రాష్ట్రంలో మరీ తక్కువేమీ కాదు. పట్టణాల్లో, రహదారుల వెంట మిగులు, అడవిలో కొరత. కౌన్సెలింగ్ ద్వారా మిగులు ఉపాధ్యాయులను కొరత ఉన్న చోటికి పంపడంతో ఉపాధ్యాయులు లేని బడి ఒక్కటీ మిగలలేదని ప్రభుత్వం ప్రకటించింది. ఉపాధ్యాయ సంఘాలు ఈ ప్రక్రియను తీవ్రంగా ప్రతిఘటించాయి. ఉత్తర్వుతో పంపడం సాధ్యమే. ఉత్తర్వుతో నిలపడం సాధ్యమా అన్నది రానున్న సంవత్సరాల్లో తేలవలసి ఉంది.

ఇతర దేశాల అనుభవం

ఉపాధ్యాయులను మారుమూలకు రప్పించే సమస్య మన దేశానికే పరిమితం కాదు. జపాన్ 1954లోనే మారుమూల ప్రాంతాల విద్యాభివృద్ధికి ప్రత్యేక చట్టం చేసింది. దీవుల్లో, కొండల్లో పని చేసే ఉపాధ్యాయులకు జీతంలో 25 శాతం వరకు భత్యం, నివాస వసతి కల్పించే ఏర్పాటు అందులో ఉంది. మన మూడు శాతంతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది.

పశ్చిమాఫ్రికాలోని చిన్న దేశమైన గాంబియా 2006లో కష్టభత్యం ప్రవేశపెట్టింది. ప్రధాన రహదారికి మూడు కిలోమీటర్లకు మించిన దూరంలో ఉన్న బడుల ఉపాధ్యాయులకు జీతంలో 30 నుంచి 40 శాతం అదనంగా ఇచ్చింది. దీనివల్ల ఆ బడుల్లో శిక్షణ పొందిన ఉపాధ్యాయుల వాటా పది శాతం పాయింట్ల మేరకు పెరిగినట్లు టాడ్ పుగాచ్, ఎలిజబెత్ ష్రోడర్ అనే ఆర్థికవేత్తల పరిశీలనలో తేలింది. అయితే పిల్లల మార్కుల్లో సగటున మెరుగుదల కనిపించలేదని వారే తర్వాతి అధ్యయనంలో వెల్లడించారు. జాంబియాలో 20 శాతం గ్రామీణ భత్యంపై జరిగిన పరిశీలన కూడా విద్యార్థుల ఫలితాల విషయంలో ఇదే చెప్పింది.

అమెరికాలో 2009 నుంచి 2012 వరకు ఏడు రాష్ట్రాల్లోని పది విద్యా జిల్లాల్లో మరో ప్రయోగం జరిగింది. ఉత్తమ ఫలితాలు చూపిన ఉపాధ్యాయులు వెనుకబడిన బడికి మారి రెండేళ్లు పని చేస్తే 20 వేల డాలర్లు ఇస్తామన్నారు. ఖాళీల్లో 88 శాతం భర్తీ అయ్యాయి. కానీ ఆహ్వానించిన వారిలో చివరికి మారినవారు ఐదు శాతమే. డబ్బు అందుతున్న రెండేళ్లలో 93 శాతం మంది నిలిచారు. మామూలు పద్ధతిలో చేరినవారిలో అది 70 శాతం. చెల్లింపులు ఆగిన తర్వాత ఈ అంకెలు 60, 51 శాతాలకు దిగాయి. ప్రాథమిక తరగతుల్లో పిల్లల ఫలితాలు మాత్రం మెరుగుపడ్డాయి.

ఈ అనుభవాల సారాంశం స్పష్టమే. తగినంత పెద్ద మొత్తం ఇస్తే కొందరు వస్తారు. ఇస్తున్నంత కాలం ఎక్కువ మంది ఉంటారు. ఎవరు వస్తున్నారు, వచ్చి ఏ భాషలో ఏం బోధిస్తున్నారు అనే విషయాలు పట్టించుకోకపోతే పిల్లవాడికి దక్కేది స్వల్పమే.

స్థానికులకే కొలువులా?

పరాయివారిని డబ్బిచ్చి రప్పించే కన్నా ఆ ప్రాంతపు బిడ్డలనే ఉపాధ్యాయులను చేయడం మేలన్న వాదన తెలుగు రాష్ట్రాలకు సుపరిచితం. ఏజెన్సీ ప్రాంతాల్లో ఉపాధ్యాయులు పనికి రావడం లేదన్న కారణంతోనే 1986లో 275వ నంబరు జీవో, అది నిలవకపోయాక 2000 జనవరి 10న 3వ నంబరు జీవో వెలువడ్డాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు కింద గవర్నరుకు ఉన్న అధికారంతో దాన్ని జారీ చేశారు. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 ఏప్రిల్ 22న ఆ జీవోను కొట్టివేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవారిని మాత్రం షరతులతో కొనసాగనిచ్చింది. అప్పటి నుంచి జీవో పునరుద్ధరణ కోరుతూ గిరిజన సంఘాలు చేస్తున్న ఆందోళన 2025 డీఎస్సీ సమయంలో మరోసారి ఉధృతమైంది.

బస్తర్‌లోనూ దాదాపు ఇదే కథ. డివిజన్‌లోని మూడవ, నాల్గవ తరగతి జిల్లా స్థాయి ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని 2012లో గవర్నరు నోటిఫికేషన్ వెలువడింది. అది కూడా హైకోర్టులో నిలవలేదు. ఎవరికైనా తలుపు తెరిచి ఉండాలన్న రాజ్యాంగ సూత్రం ఒకవైపు, తలుపు తెరిచినా ఎవరూ రాని వాస్తవం మరొకవైపు. ఈ రెంటి మధ్య ఇరుక్కున్నది గూడెంలోని బడి.

స్థానికత కోరడానికి భాష అతి బలమైన కారణం. బస్తర్‌లో గోండీ, హల్బీ, భత్రీ, ధుర్వా, దోర్లీ మాట్లాడే పిల్లలు మొదటి తరగతిలో అడుగుపెట్టేసరికి హిందీ వారికి పరభాషే. రాయపూర్, బిలాస్‌పూర్ మైదానాల నుంచి వచ్చిన ఉపాధ్యాయునికి గోండీ రాదు. అవిభక్త ఆంధ్రప్రదేశ్‌లో 2004లో గోండి, కోయ, సవర, కొలామి, కువి తదితర ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టడం ఈ సమస్యకు ఒక సమాధానం. ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రి కూడా 2020 గణతంత్ర దినోత్సవం నాడు స్థానిక భాషల్లో ప్రాథమిక విద్యను ప్రకటించారు. పుస్తకం ముద్రించడం తేలిక. ఆ భాష వచ్చిన ఉపాధ్యాయుడు లేనిదే పుస్తకం పిల్లవాడిని చేరదు.

ఏకలవ్య ఆదర్శ గురుకులాల ఉదంతం దీనికి తాజా ఉదాహరణ. 740 పాఠశాలలకు 38,800 మంది ఉపాధ్యాయులు, సిబ్బందిని నియమిస్తామని కేంద్రం 2023-24 బడ్జెట్‌లో ప్రకటించింది. కేంద్రీకృత పరీక్షలో హిందీ పరిజ్ఞానం తప్పనిసరి కావడంతో దక్షిణాది గురుకులాలకు ఉత్తరాది అభ్యర్థులు పెద్ద సంఖ్యలో వచ్చారు. స్థానిక భాష రాక, ఊరుకాని ఊరిలో ఇమడలేక వారిలో అనేకులు బదిలీ కోరారు. జీతానికి అక్కడ లోటు లేదు. లోటు మరోచోట ఉంది.

వైద్యులకు ఇచ్చినది

మారుమూల సేవకు పూర్తి స్థాయి ప్రోత్సాహక విధానం ఛత్తీస్‌గఢ్‌కు తెలియనిదేమీ కాదు. 2009లో ఆ రాష్ట్రం గ్రామీణ వైద్య దళం అనే పథకాన్ని ప్రారంభించింది. ఆసుపత్రులను సాధారణ, కష్టమైన, మిక్కిలి కష్టమైన, దుర్గమమైన వర్గాలుగా విభజించి, కష్టాన్ని బట్టి వైద్యులకు, నర్సులకు అదనపు సొమ్ము, నివాసం, బీమా, పీజీ ప్రవేశాల్లో అదనపు మార్కులు కల్పించింది. తర్వాతి కాలంలో బీజాపూర్ జిల్లా ఆసుపత్రి జిల్లా ఖనిజ నిధి నుంచి పెద్ద జీతాలిచ్చి నిపుణులను రప్పించుకుంది. బైలడిల్లా గనులున్న దంతేవాడ వంటి జిల్లాలకు ఆ నిధి స్వల్పమైనదేమీ కాదు. వైద్యుడు రాకపోతే రోగి మరణం కంటికి కనిపిస్తుంది. ఉపాధ్యాయుడు రాకపోతే జరిగే నష్టం ఇరవయ్యేళ్ల తర్వాత గాని కనిపించదు. ప్రాధాన్యంలో తేడాకు ఇదొక కారణం కావచ్చు.

ఏ భత్యమూ ఆశించకుండా వచ్చినవారూ ఉన్నారు. వినోబా భావే అనుయాయి అయిన ధర్మపాల్ సైనీ మధ్యప్రదేశ్‌లోని ధార్ నుంచి వచ్చి 1976లో జగదల్‌పూర్ సమీపాన డిమ్రాపాల్‌లో బాలికల ఆశ్రమ పాఠశాల స్థాపించారు. దాన్ని అనేక శాఖలుగా విస్తరించారు. 1992లో ఆయనకు పద్మశ్రీ లభించింది. నారాయణపూర్‌లో రామకృష్ణ మిషన్ 1985 నుంచి అబూజ్‌మాడ్ పిల్లలకు విద్య గరుపుతోంది. ఇలాంటి అంకితభావం ఆదర్శప్రాయమే. కానీ వేలాది పాఠశాలలను త్యాగధనుల మీద ఆధారపడి నడపలేం. సగటు మనిషి, పెళ్లాం పిల్లలున్న మనిషి, వెళ్లి ఉండగలిగే ఏర్పాటు చేయడమే విధానం.

దారి ఏది?

ఆ సగటు ఉపాధ్యాయునికి కావలసినవి లెక్కించలేనివి కావు. వైద్య కళాశాల, విశ్వవిద్యాలయం, 2020 సెప్టెంబరులో హైదరాబాద్, రాయపూర్‌లకు మొదలైన విమానాల సౌకర్యం, అన్నీ జగదల్‌పూర్‌లోనే ఉన్నాయి. కుటుంబాన్ని ఇక్కడే ఉంచి లోపలి గ్రామానికి రాకపోకలు సాగించాలని ఉపాధ్యాయుడు చూడటం సహజం. దూరం పెరిగే కొద్దీ బడిలో గడిపే గంటలు తగ్గుతాయి. బడి వద్దనే, లేదా సమీపంలోని రోడ్డు ఊరిలో, నీరు, విద్యుత్తు ఉన్న క్వార్టరు లేనప్పుడు భత్యం బస్సు చార్జీలకే సరిపోతుంది. జాతీయ విద్యా విధానం 2020 కూడా గ్రామీణ ఉపాధ్యాయులకు పాఠశాల ఆవరణలో లేదా దగ్గరలో నివాసం కల్పించడాన్ని ముఖ్య ప్రోత్సాహకంగా పేర్కొంది.

రెండవది, తిరిగి వెళ్లే తేదీ. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామాలను నాలుగు కేటగిరీలుగా విభజించి, సులువైన చోట ఏడాదికి ఒక పాయింటు, రోడ్డు లేని కొండ ఊళ్లలో ఐదు పాయింట్లు ఇచ్చే పద్ధతి బదిలీల కౌన్సెలింగ్‌లో స్థిరపడింది. 2025లో బదిలీల నియంత్రణకు చట్టమే వచ్చింది. ఖజానాపై పైసా భారం లేని ప్రోత్సాహకమిది. మారుమూల సేవ వృథా పోదని, సిఫార్సు లేకపోయినా వంతు వస్తుందని నమ్మకం కలిగిస్తే శిక్ష అనే భావం సడలుతుంది. అయితే పాయింట్లు కూడబెట్టుకున్న వెంటనే అందరూ వెళ్లిపోతే బడి మళ్లీ ఖాళీ అవుతుంది. ఎదురు వచ్చేవారు చేరాకే ఉన్నవారిని విడుదల చేయాలన్న నియమాన్ని కచ్చితంగా పాటించవలసి ఉంటుంది.

మూడవది, కొద్ది కాలం తీసుకునే మార్గం. పోర్టా కేబిన్లలో, ఆశ్రమ పాఠశాలల్లో పెరిగిన మొదటి తరం ఇప్పుడు ఇరవయ్యేళ్లు దాటింది. వారికి గోండీ వచ్చు, హిందీ వచ్చు, ఊరు వచ్చు. కొరవడినది ప్రాథమిక విద్యలో డిప్లొమా. బీఎడ్ తీర్పు నేర్పిన పాఠం ఇదే. ఉపకార వేతనంతో ఆ శిక్షణ ఇప్పించి, గిరిజన భాషా పరిజ్ఞానాన్ని ఆ పోస్టుకు అర్హతగా నిర్ణయిస్తే, జన్మస్థలం పేరుతో తలుపు మూయనవసరం లేకుండానే స్థానికులకు తగిన అవకాశం లభించగలదు. పూర్తి జీతం, పూర్తి భద్రత మాత్రం తప్పనిసరి. ఐదు వందల గురూజీని కొత్త పేరుతో మళ్లీ సృష్టించరాదు.

2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన నియద్ నెల్లానార్ పథకం కింద భద్రతా శిబిరాల చుట్టూ ఉన్న గ్రామాలకు రోడ్లు, రేషను, పాఠశాలలు చేర్చే ప్రయత్నం సాగుతోంది. గోండీలో ఆ మాటకు మీ మంచి ఊరు అని అర్థం. తుపాకుల మోత తగ్గిన కొద్దీ మూతపడిన మరిన్ని బడులు తెరుచుకోవచ్చు. అప్పుడు ప్రతి గూడెంలోనూ తలెత్తే ప్రశ్న ఒక్కటే, ఇక్కడ కాపురం ఉండి పాఠం చెప్పేదెవరు అని. అందుకు ప్రభుత్వం చెల్లించే మూల్యం భత్యం రూపంలో కాకపోతే, మునుపటిలాగే పిల్లలు ఇల్లు విడిచి చెల్లించవలసి వస్తుంది.